ఇంట్లో పచ్చళ్ల వ్యాపారం: ఏ లైసెన్సులు కావాలి?

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మ పెట్టే ఆవకాయ, గోంగూర ఇన్నాళ్లూ తెలిసినవాళ్లకే ఇచ్చాం, ఇప్పుడు హైదరాబాద్ నుంచి కూడా అడుగుతున్నారు. ముందు ఏం చేయాలి? ఏజెంటు అన్నీ కలిపి ఎనిమిది వేలంటున్నాడు.

జవాబు: ఏజెంటు ఎందుకండీ? ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్‌కి వాళ్లదే ఫాస్కాస్ అనే సైట్‌లో మీరే అప్లై చేసుకోవచ్చు, చిన్న వ్యాపారానికి ఫీజు ఏడాదికి 100 రూపాయలే. వచ్చిన 14 అంకెల నంబరు సీసా లేబుల్ మీద వేయాలి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్) అయితే ఆధార్‌తో పూర్తిగా ఉచితం.

ఇంకొకరు: అసలు చిక్కు హైదరాబాద్ ఆర్డర్లే. ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్లకు 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ అక్కర్లేదు గానీ, వేరే రాష్ట్రానికి అమ్మితే మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి, 2014 నుంచి హైదరాబాద్ మనకు వేరే రాష్ట్రమేగా! ఇది తెలియక నేనూ ఇరుక్కున్నా.

అడిగినవారు: అయ్యో, అది తట్టనే లేదు. అయితే ముందు గుంటూరు, విజయవాడతోనే మొదలుపెడతాం.