ఓర్కాలను బోట్ టూర్‌లో చూడొచ్చా, ఒడ్డు నుంచే చూడాలా?

బోథెల్ వాసి:
అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. వాషింగ్టన్ రాష్ట్రంలో శాన్ వాన్ దీవుల దగ్గర ఓర్కాల (కిల్లర్ వేల్స్) బోట్ టూర్‌కి టికెట్లు తీస్తానంటే మా అమ్మాయి ఒప్పుకోవట్లేదు. "తిండిలేక చచ్చిపోతున్న వాటి వెంటపడి ఫొటోలు తీస్తారా?" అంటోంది. పడవల వల్ల నిజంగా అంత నష్టమా?

ఉప్పుగాలి:
పాప చెప్పింది నిజమేనండీ. అక్కడి జె, కె, ఎల్ గుంపుల ఓర్కాలు 80 లోపే మిగిలాయి. 2018లో చనిపోయిన బిడ్డను తలతో ఎత్తుకుని 17 రోజులు తిరిగిన టాలెక్వా ఆ గుంపులదే. వాటి తిండి ముఖ్యంగా చినూక్ సాల్మన్ అనే చేప. టిక్కుటిక్కుమని శబ్దం చేసి, ప్రతిధ్వనిని బట్టి చేప ఎక్కడుందో పట్టేస్తాయి. పక్కనే ఇంజన్ మోగుతుంటే ఏం వినపడుతుంది?

రెండుసార్లు వెళ్లొచ్చినవాణ్ణి:
ఆ గుంపుల దగ్గరికి టూర్లు వెళ్లట్లేదండీ. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ చట్టం ప్రకారం ఏ పడవైనా వాటికి 1,000 గజాల దూరంలో ఉండాల్సిందే. ఇప్పుడు చూపించేది సీల్ అనే సముద్ర జంతువులను తినే బిగ్స్ అనే వేరే రకం ఓర్కాలను. వాటి సంఖ్య పెరుగుతోంది. మా కెప్టెన్ దూరంగానే ఇంజన్ ఆపేశాడు. బుస్సుమని ఊపిరి వదిలిన చప్పుడు వినపడగానే పడవలో అందరూ గప్‌చుప్. మా బాబు ఆ రోజు నుంచి సాల్మన్ గురించే అడుగుతున్నాడు. అసలు చేపలే తగ్గిపోయాయి. సాల్మన్ గుడ్లు పెట్టడానికి వెళ్లే నదులకు అడ్డంగా డ్యాములు కట్టినవాళ్లను వదిలేసి టూర్లనే అంటే ఎలా?

ఉప్పుగాలి:
డ్యాముల మాట ఒప్పుకుంటాను. కానీ బిగ్స్‌కి ఇబ్బంది లేదనకండి. సీల్‌కి తెలియకుండా అవి నోరు మూసుకుని, చెవులతోనే వేటాడతాయి. వాటికి 200 గజాల దూరం చాలంటున్నారు, నీళ్లలో మోత అంతకంటే చాలా దూరం పోతుంది. ఇక జె, కె, ఎల్ గుంపులకైతే తిండి తక్కువైనప్పుడే కదా వాటిని వేటాడుకోనివ్వాల్సింది! నేను శాన్ వాన్ దీవిలోని లైమ్ కిల్న్ పార్కులో లైట్‌హౌస్ దగ్గర బండల మీద కూర్చుని చూస్తాను. మూడుసార్లు ఉత్తచేతులతో తిరిగొచ్చాను. నాలుగోసారి ఓర్కాలు ఒడ్డుకి ఎంత దగ్గరగా వచ్చాయంటే, రెక్క మీద గీతలు కూడా కనపడ్డాయి.

రెండుసార్లు వెళ్లొచ్చినవాణ్ణి:
మీకు నాలుగుసార్లు వెళ్లే వీలుంది. వాళ్ల అమ్మానాన్నకి ఉన్నది ఒక్క ట్రిప్పే.

బోథెల్ వాసి:
నా బాధ కూడా అదేనండీ. పైగా నాన్నకి మోకాళ్ల నొప్పులు. లైమ్ కిల్న్‌లో చాలా నడవాలా?

ఉప్పుగాలి:
పార్కింగ్ నుంచి కొంచెమే. కూర్చోవడానికి బల్లలున్నాయి. దీవికి అనకోర్టెస్ ఊరి నుంచి ఫెర్రీ ముందే బుక్ చేసుకోండి. గాలి ఎక్కువ, అమ్మగారికి శాలువా మర్చిపోకండి.