రాయి మాట వినే పిల్ల కథ: ఫాంటసీ నవలలో పేర్లు, దూరాలు, మంత్రానికి హద్దులు

గుట్టకింద_ఊరు:

అందరికీ నమస్కారం. గోల్కొండ చుట్టుపక్కల గుట్టల్లాంటి నేల మీద నడిచే ఫాంటసీ నవల ఒకటి పదకొండు అధ్యాయాల దాకా వచ్చింది, సుమారు 24 వేల పదాలు. కథానాయిక రాళ్లు కొట్టేవాళ్ల ఇంటి పిల్ల. రాయి లోపలి మాట ఆమెకు వినబడుతుంది. ఊరి చెరువు ఎండిపోతే ఆమె, ఒక యక్షుడు కలిసి రాజధానికి బయల్దేరతారు.

మూడు చోట్ల ఆగిపోయింది. ఆరథ్, జెలిన్, వొర్నాక్ అని పేర్లు పెడితే చదివినవాళ్లు ఇంగ్లిష్ నవలకు అనువాదంలా ఉందంటున్నారు. ఏ చిక్కు వచ్చినా రాయే దారి చెప్పేస్తోంది, ఉత్కంఠ నిలవడం లేదు. ప్రయాణానికి ఎన్నాళ్లు పడుతుందో లెక్క కుదరడం లేదు. టోల్కీన్, లెగ్విన్, మన దాసరి సుబ్రహ్మణ్యం గారు ముందు ఏది తేల్చుకునేవారు, లోకమా, కథా? లోకం వివరాలన్నీ ముందే నోట్‌బుక్కులో రాసి పెట్టుకోవాలా?

మజిలీ_లెక్కలు:

ముగ్గురి పద్ధతీ వాళ్లు చేసిన పనిలోంచి, పెరిగిన ఇంట్లోంచి వచ్చింది. టోల్కీన్ (1892–1973) ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిష్ చెప్పిన ప్రొఫెసర్. ఆయనకు భాషలు ముందు, వాటిని మాట్లాడే జనం తరవాత. 1937 డిసెంబరులో మొదలుపెట్టిన పెద్ద నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అచ్చయింది 1954–55లో. అంత తీరిక అందరికీ ఉండదు. లెగ్విన్ (1929–2018) తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ పేరున్న మానవశాస్త్రవేత్త. ఆమె కథల్లో యుద్ధాల కంటే జనం ఆచారాలు, పేరు పెట్టే తంతు ముందుకు రావడంలో ఆ ఇంటి నీడ కనిపిస్తుంది. 1968లో వచ్చిన ఎర్త్‌సీ నవలకు ఆమె ముందు గీసుకున్నది దీవుల పటం.

దాసరి వారు చందమామలో ఉద్యోగి. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి పన్నెండు సీరియళ్లు రాశారు, అన్నీ నెలనెలా అచ్చుకి అందించాల్సినవే. పైగా చందమామ చిత్రకారుడు చిత్ర గారు బొమ్మ వేయాలి. అందుకే ఏ భాగం తెరిచినా కంటికి ఆనే వింత ఒకటి ఉంటుంది: ఒక జంతువు, ఒక లోయ, ఒక వాహనం. ఇంకో కిటుకు, నాయకులు జంటగా ఉండడం. పాతాళదుర్గంలో ధూమకుడు, సోమకుడు; శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. ఇద్దరుంటే ఆలోచన మాటల్లోకి వస్తుంది, పేజీల కొద్దీ స్వగతం అక్కర్లేదు. మీకూ జంట ఉంది కాబట్టి ముగ్గురిలో మీకు దగ్గరి దారి దాసరి వారిదే.

ఇక దూరాలు. నడిచే మనిషి రోజుకు 25 నుంచి 30 కిలోమీటర్లు పోతాడు. ఎద్దుబండి 20 నుంచి 25. సామాన్లతో కదిలే సైన్యం 15 దాటితే గొప్ప. హైదరాబాద్ నుంచి వరంగల్ సుమారు 150 కిలోమీటర్లు, అంటే కాలినడకన ఐదారు రోజులు. ఈ ఒక్క కొలతను మీ పటం మీద పెట్టుకుంటే మిగతావన్నీ దాన్నిబట్టి తేలతాయి. వానాకాలంలో నల్లరేగడి మీద బండి కదలదు, చక్రానికి మట్టి పేరుకుపోతుంది. దండయాత్రలు దసరాకు బయల్దేరేది అందుకే. ఎండాకాలం అయితే నీళ్ల లెక్క చూడాలి. ఒక గుర్రానికి రోజుకు 30 లీటర్లకు తక్కువ కాకుండా కావాలి. రెండు వందల గుర్రాలంటే 6 వేల లీటర్లు. చెరువు ఎండిన దారిలో సైన్యం నడవలేదు, మీ కథ అసలు ముడి అక్కడే ఉంది.

కథలో కిలోమీటర్లు రాయకండి. క్రోసు, ఆమడ, గడియ, జాము వాడండి. గడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే 3 గంటలు. క్రోసు కొలత ప్రాంతాన్ని బట్టి మారేది కాబట్టి సుమారు 3 కిలోమీటర్లని ఖాయం చేసుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. కాశీమజిలీ కథల్లో గోపకుమారుడు మజిలీ మజిలీకీ మణిసిద్ధుణ్ణి ఒక వింత గురించి అడుగుతాడు కదా. రోజు నడకనే అధ్యాయానికి కొలతగా పెట్టుకోవచ్చు.

నోట్‌బుక్కు పెద్దది అక్కర్లేదు. పటం ఒక్కటి ముందు గీయండి, మిగతావి కథ అడిగినప్పుడు రాసుకోండి.

వత్తు_పొల్లు:

పటం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. తెలుగులో రాసేటప్పుడు పేర్ల పట్టీ కూడా మొదటి రోజు నుంచే ఉండాలి. కారణం మన వ్యాకరణం.

తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయి. పేరు చివర అచ్చు ఉంటే విభక్తి నున్నగా అతుకుతుంది: సోమకుడికి, సోమకుడితో. ఆరథ్‌కి, జెలిన్‌తో, వొర్నాక్‌ని అన్నప్పుడల్లా నాలుక ఆగుతుంది. మూడొందల పేజీల్లో అది కొన్ని వేల సార్లు ఆగుతుంది. అనువాదంలా ఉందనడానికి సగం కారణం ఇదే. అవే శబ్దాలు ఉంచుకుని ఆరథుడు, జెలిని, వొర్నాకి అని చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. ముఖ్యమైన ఇద్దరి పేర్లు ఒకే అక్షరంతో మొదలుకాకుండా కూడా చూసుకోండి.

ఊళ్ల పేర్లలో పొరలు ఉండాలి. హైదరాబాద్‌లోనే చూడండి: గుట్ట, పల్లి, గూడ ఒక పొర, గంజ్, బాద్, పురా ఇంకో పొర. గోల్కొండ ఒకప్పుడు గొల్లకొండ. మీ పటంలో పాత ఊళ్లకు ఒక రకం తోక, కొత్త రాజులు కట్టించిన వాటికి ఇంకో రకం తోక పెడితే, ఎవరు ఎప్పుడు వచ్చారో ఒక్క వాక్యం వివరించకుండానే పాఠకుడికి తెలిసిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం సర్వనామాలు. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు లేని పని ఇది. ప్రతి పాత్రకూ కథకుడు వాడు అంటాడా, అతను అంటాడా, ఆయన అంటాడా? ఎవరు ఎవర్ని నువ్వు అంటారు, మీరు అంటారు, తమరు అంటారు? పాత్రల పేర్లు నిలువుగా, అడ్డంగా రాసి ఒక గళ్ల పట్టిక వేసుకోండి. ఎనిమిది పాత్రలుంటే, ఎవరికి వారే ఎదురయ్యే గళ్లు తీసేస్తే 56 గళ్లు, ఒక సాయంత్రం పని. పశువుల కాపరి రాజైతే కథకుడి నోట వాడు ఆయనగా మారేది ఏ అధ్యాయంలో? ముందే తేల్చుకోకపోతే ఒకే పేజీలో వచ్చాడు, వచ్చారు రెండూ దొర్లుతాయి. నవలల చిత్తుప్రతుల్లో ఎక్కువగా దొరికే తప్పు ఇది.

అంకెలు కూడా చూడండి. మనుషుల్ని ముగ్గురు అంటాం, మిగతావాటిని మూడు అంటాం. మీ లోకంలో యక్షులు ముగ్గురా, మూడా? కథకుడు ముగ్గురు యక్షులు అంటూ ఉండగా కోట కాపలావాడు మూడు యక్షులు అన్నాడనుకోండి, వాడికి ఆ జాతంటే ఎంత చులకనో ఆ ఒక్క మాటలో వచ్చేస్తుంది.

గుట్టకింద_ఊరు:

గళ్ల పట్టిక ఈ వారమే వేస్తాను. ఒక సందేహం. యక్షుడు చిరుతగా మారతాడు, ఆ సంగతి తొమ్మిదో అధ్యాయం దాకా పాఠకుడికి తెలియకూడదు. చిరుత వచ్చింది, యక్షుడు వచ్చాడు అని క్రియలు వేరువేరుగా ఉంటాయి కదా, దాచడం కుదురుతుందా?

వత్తు_పొల్లు:

యక్షుడైతే కష్టం, యక్షిణి అయితే సులువు. ఏకవచనంలో స్త్రీకీ, జంతువుకీ క్రియ ఒకటే: వచ్చింది, చూసింది, దూకింది. మనకు కర్త చెప్పకపోయినా వాక్యం నిలుస్తుంది. "గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి చూసింది." ఇది ఆడమనిషో చిరుతో ఎవరూ చెప్పలేరు. తెలుగు మీకు ఉచితంగా ఇచ్చిన దాపరికం ఇది, వాడుకోండి. జాగ్రత్త పడాల్సింది బహువచనం దగ్గర. ఆమెను ఇంకొకరితో కలిపి చెప్పాల్సి వస్తే వచ్చారు అనాలి, లేదా వచ్చాయి అనాలి, ఏదన్నా గుట్టు బయటపడుతుంది. కాబట్టి తొమ్మిదో అధ్యాయం దాకా చిరుతను ఒంటరిగానే నడిపించండి.

బాలాహిసార్_మెట్లు:

మంత్రం సంగతి. రాయి అన్నీ చెప్పేస్తోందంటే రాయికి హద్దులు పెట్టలేదని అర్థం. ఆ హద్దులు రాతి పనిలోనే దొరుకుతాయి. గ్రానైట్‌ని ఎటు కొడితే అటు పగలదు, పగిలే వాటం దానికి ఉంటుంది. పనివాళ్లు ఆ వాటం చూసి, వరసగా గుంటలు తొలిచి, చీలలు దిగ్గొట్టి, ఒక్కో దాని మీద సమంగా దెబ్బ వేస్తూ పోతారు. తొందరపడి ఒకే చీల మీద బాదితే రాయి అడ్డదిడ్డంగా పగిలి పనికిరాకుండా పోతుంది. అదే మీ మంత్రానికి నియమం చేయండి. రాయి తన వాటంలో అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. తప్పుగా అడిగితే పగిలిపోతుంది, ఆ రాతిలోని జ్ఞాపకం మళ్లీ దొరకదు.

ఇంకో హద్దు: రాయికి తెలిసింది తాను ఉన్న చోట జరిగిందే. అవతలి ఊరి సంగతి అడగాలంటే అక్కడి రాతి దగ్గరికి నడవాల్సిందే. మూడోది, వెల. విన్న ప్రతిసారీ పిల్ల చెవి కొంత మొద్దుబారాలి. నవల మొత్తానికి ఎన్నిసార్లు వినగలదో అంకె వేసుకోండి, ఏడు అనుకుందాం. చిన్న చిక్కులకే నాలుగు ఖర్చైపోతే, చివర్లో మిగిలిన మూడింటిని ఆమె ఎలా వాడుతుందోనని పాఠకుడే లెక్కపెట్టుకుంటాడు.

కోట రాసేముందు గోల్కొండ ఒకసారి నిదానంగా ఎక్కండి. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ పైన ఉన్న బాలాహిసార్ మండపం దగ్గర వినబడుతుంది. నీళ్లు మోటచక్రాలతో అంచెలంచెలుగా పైకెక్కి, తొట్లలో నిలిచి, మట్టిగొట్టాల గుండా పల్లానికి పారేవి. ఇవి మంత్రాలు కావు, మనుషుల పనితనం. మీ కోటలో కూడా ఏది పనితనమో, ఏది మంత్రమో గీత గీసి ఉంచాలి. రెండూ కలిస్తే శత్రువు ఒక్క గొట్టం పగలగొట్టగానే కోట దాహంతో లొంగిపోయే ఘట్టం మీ చేతికి రాదు.

చవితి_చంద్రుడు:

ఒక్క ముక్క కలుపుతాను. పౌర్ణమి అని రాసి నాలుగు రోజుల తరవాత రాత్రంతా కటిక చీకటి అని రాసేవాళ్లు చాలామంది. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. పౌర్ణమి నాడు సూర్యాస్తమయానికే పైకొస్తాడు, బహుళ అష్టమికి అర్ధరాత్రి, శుద్ధ అష్టమికి అర్ధరాత్రే అస్తమిస్తాడు. పౌర్ణమి తరవాత నాలుగో రాత్రి సూర్యాస్తమయం నుంచి చంద్రోదయం దాకా మూడు గంటలకు కాస్త ఎక్కువ, అందులో మొదట కాసేపు సంజె వెలుగు. కోట గోడ ఎక్కేవాళ్లు ఆలోపే ఎక్కాలి. టోల్కీన్ 1942 నాటి చంద్రకళలు చూసి తేదీలు సరిచేశారు. మనకు ఇంట్లో పంచాంగమే ఉంది. ఏదో ఒక సంవత్సరానిది తీసుకుని, అధ్యాయానికో తిథి రాసుకుంటే చాలు. అధికమాసం లేని ఏడు ఎంచుకుంటే తలనొప్పి తగ్గుతుంది.

మజిలీ_లెక్కలు:

నిడివి గురించి కూడా చెప్పాలి. ఇంగ్లిష్ ఫాంటసీల లక్ష పదాల లెక్క మనకు వద్దు. అక్కడ నాలుగు మాటల్లో చెప్పేది తెలుగులో ఒకటి రెండు మాటల్లోకి ఇమిడిపోతుంది. డెమ్మీ సైజు పేజీలో 220 నుంచి 250 తెలుగు పదాలు పడతాయి. 70 వేల పదాలంటే దాదాపు 300 పేజీలు. అచ్చుకి లెక్క పదహారు పేజీల ఫారాల్లో కాబట్టి 304 దగ్గర ఆపేలా చూసుకోండి.

యూనికోడ్‌లో టైపు చేసింది అచ్చుపనికి వాడే ‘అను’ ఫాంట్లలోకి మార్చినప్పుడు ప్రూఫు రెండుసార్లు చదవండి. పొల్లు పక్కన కనబడకుండా ఉండే విడదీత గుర్తు ఒక్కోసారి ఎగిరిపోతుంది. అప్పుడు ఆరథ్‌కి కాస్తా ఆరథ్కి అవుతుంది. అచ్చుతో ముగిసే పేర్లకు ఆ బాధ లేదు.