అప్‌డేట్: రొయ్యల ప్లాంట్‌లో పని పోయిందని అడిగాను కదా

బరంపురం దగ్గర ప్లాంట్‌లో పని పోయింది, సర్కారు సాయమేదైనా ఉందా అని అడిగింది నేనే. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా వాడు మన సరుకు మీద 50 శాతం టారిఫ్ (దిగుమతి పన్ను) వేశాక ఆర్డర్లు పడిపోయి మమ్మల్ని ఇంటికి పంపేశారు.

ఒకన్న ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ చూడమన్నాడు, చూశాను, అది అమెరికాలో దిగుమతుల దెబ్బకి పని పోయినవాళ్లకంట, అక్కడే 2022 జూలై 1 నుంచి కొత్త అప్లికేషన్లు ఆపేశారు, ఇంక మనకెక్కడిది.

పనికొచ్చింది ఈఎస్ఐ (జీతంలోంచి కోసే ఉద్యోగుల సర్కారు బీమా) వాళ్ల అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన. సగటు రోజు జీతంలో సగం ఇస్తారు, 90 రోజుల వరకే, జీవితంలో ఒక్కసారే. నాకు రోజుకి 420 పడేది, అంటే 210 లెక్కన 18,900. రెండేళ్లు ఈఎస్ఐలో ఉండాలి, పని పోయే ముందటి పీరియడ్‌లో (ఈఎస్ఐ డబ్బు లెక్కగట్టే ఆరు నెలలు) కనీసం 78 రోజులకి కట్టుండాలి, పని పోయిన 30 రోజుల తర్వాతే అప్లై చెయ్యాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని ఈఎస్ఐ ఆఫీసుకి వెళ్లాను. నాకు ఒడియా మాట్లాడ్డమే వచ్చు రాయడం రాదు, కౌంటర్లో ఒకాయన పాపం నింపిపెట్టాడు.

మా బావకి మాత్రం రాలేదండి. జీతంలో ఈఎస్ఐ అని కోసుకున్న కాంట్రాక్టరు అసలు కట్టనేలేదు, ఇప్పుడు ఫోనెత్తట్లేదు. మీరు మాత్రం ఈరోజే ఆన్‌లైన్‌లో మీ కంట్రిబ్యూషన్ చూసుకోండి.

పనిలోంచి తీసేసినందుకు ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం చొప్పున రావాల్సిన పరిహారం కోసం లేబర్ ఆఫీసులో కాగితం పెట్టాం, ఇంకా పిలవలేదు.