ఎంజీబీకి గాలి ఎంత కొట్టాలి: పుస్తకంలో ఉన్న 21/24నా, షాపులో కొట్టిన 32నా?

బర్మింగ్‌హామ్ పాతబండి:
నా 1972 ఎంజీబీ జీటీకి (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొత్తగా నాలుగు 165 ఆర్14 టైర్లు వేయించాను. షాపులో వీల్ అలైన్‌మెంట్ కూడా చేశారు. ముందు చక్రాలను పూర్తి సమాంతరంగా, అంటే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) సున్నాకు పెట్టి, నాలుగింటికీ 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టి పంపారు. ఇంటికి చేరేసరికి భుజాలు నొప్పి పుట్టాయి. రోడ్డు మీద గాడి ఎటు ఉంటే బండి అటు పోతోంది, చిన్న గుంతకు కూడా వెనక భాగం ఎగిరిపడుతోంది. కారుతో వచ్చిన పుస్తకంలో ముందు 21, వెనక 24 అని ఉంది. ఇప్పటి రోడ్ల మీద 21తో తిరగవచ్చా?

మోటార్‌వే మిత్రుడు:
వద్దండీ. ఆ అంకెలు రాసిన కాలం వేరు, అప్పటి టైర్లు వేరు. తక్కువ గాలితో 70 మైళ్ల వేగంలో గంటసేపు పోతే టైరు పక్కగోడలు నలిగి వేడెక్కుతాయి. నేను నాలుగింటికీ 30 కొడతాను. పార్కింగ్‌లో స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది.

గ్రీజు చేతులు:
మిత్రుడు గారూ, వేడి గురించి మీ భయం న్యాయమైనదే. కానీ 21/24 పాతకాలపు క్రాస్‌ప్లై టైర్ల అంకె కాదు. అది ఇప్పుడు అందరూ వాడే రేడియల్ టైర్లకే ఇచ్చింది. పైగా 165 ఆర్14 టైరు పక్కన సాధారణంగా 84 అని ఉంటుంది. నిండా గాలి ఉన్నప్పుడు ఒక్కో టైరు 500 కిలోలు మోయగలదని దాని అర్థం. ఈ కారులో ఒక్కో చక్రం మీద పడేది సుమారు పావు టన్ను. బరువైన ఇప్పటి కార్లకు కొట్టే గాలి దీనికీ కొడితే టైరు రాయిలా బిగుసుకుపోయి మధ్యలోనే అరుగుతుంది.

అసలు చూడవలసింది ముందుకూ వెనక్కూ మధ్య ఉన్న ఆ 3 పీఎస్‌ఐ తేడా. వెనక గాలి కాస్త ఎక్కువ ఉంటే మలుపులో వెనక టైరు తక్కువగా పక్కకు జారుతుంది, బండి నిలకడగా ఉంటుంది. నాలుగింటికీ ఒకే అంకె కొట్టడమంటే ఆ నిలకడను చేజేతులా పోగొట్టుకోవడమే. మోటార్‌వే మీద ఎక్కువగా తిరిగేవారు 24/27 పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. తేడాను మాత్రం వదలకండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడండి. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే ఒకటి, ఒకటిన్నర పీఎస్‌ఐ దానంతటదే పడిపోతుంది.

ఇక టో. వెనక చక్రాలు నెట్టే కారు ఇది. నడుస్తున్నప్పుడు ముందు చక్రాలు రోడ్డు ఒరిపిడికి బయటికి తెరుచుకుంటాయి, బుష్‌లలో (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగుల్లో) ఉన్న వదులు అటే పోతుంది. అందుకే నిలబడి ఉన్నప్పుడు కాస్త లోపలికి తిప్పి ఉంచాలి: పుస్తకం ప్రకారం 1.5 నుంచి 2.3 మిల్లీమీటర్లు. సున్నాకు పెడితే రోడ్డెక్కగానే అది టో-అవుట్ అవుతుంది, అంటే చక్రాలు బయటికి తిరుగుతాయి. మీ బండి గాడి వెంట పోవడానికి సగం కారణం అదే. అలైన్‌మెంట్ కంప్యూటర్ ఇచ్చే కాగితం మీద క్యాంబర్ (చక్రం పక్కకు ఒరిగే కోణం), క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం) ఎర్రగా కనిపించినా కంగారు పడకండి. ఈ కారులో వాటికి సర్దుబాటు లేదు, వెనక ఇరుసుకూ లేదు. మనం తిప్పగలిగింది టో ఒక్కటే.

దానికన్నా ముందు కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం దేని చుట్టూ తిరుగుతుందో ఆ కడ్డీ) చూడండి. జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఊగడం ఆగితే బేరింగ్ వదులు, ఆగకపోతే కింగ్ పిన్ అరిగింది. ఆ వదులు ఉండగా టో సరిచేయడం దండగ.

ఇంట్లోనే కొలవవచ్చు. గాలి సరిచేశాక చక్రం ఎత్తి, టైరు నడుమ సుద్ద పూయండి. మేకును కదలకుండా ఆనించి చక్రం తిప్పితే సన్నని గీత పడుతుంది. రెండో వైపూ అంతే. బండి దించి, నాలుగు గజాలు ముందుకు నెట్టండి. ఈ నెట్టుడు మానేస్తే కొలత తప్పుతుంది, స్ప్రింగులు సర్దుకోవు. కొయ్యపట్టీకి రెండు నిలువు పుల్లలు కొట్టి, ఇరుసు ఎత్తులో గీతల మధ్య దూరం చక్రాల ముందూ వెనకా కొలవండి, ఆ రెండింటి తేడాయే టో. సరిచేసేటప్పుడు ట్రాక్ రాడ్లు (స్టీరింగ్‌ను ముందు చక్రాలకు కలిపే కడ్డీలు) రెండింటినీ సమానంగా తిప్పాలి.

మోటార్‌వే మిత్రుడు:
తేడా విషయం ఒప్పుకుంటున్నాను, వెనక 30 ఉంచి ముందు 27కి దించుతాను. అంతకన్నా కిందికి మాత్రం రాను. పిల్లలతో దూరప్రయాణాలు చేస్తాను, తక్కువ గాలితో ధైర్యం చాలదు.

బర్మింగ్‌హామ్ పాతబండి:
ఆదివారం కొలిచాను. కింగ్ పిన్లు గట్టిగానే ఉన్నాయి. కానీ కుడి ట్రాక్ రాడ్ బయట తొమ్మిది మరలు కనిపిస్తుంటే, ఎడమ వైపు నాలుగే ఉన్నాయి. షాపులో ఒకవైపే తిప్పి టో సున్నాకు తెచ్చారు. స్టీరింగ్ వంకరగా ఉండటం నేను గమనించనేలేదు. రెండువైపులా సమానం చేసి 2 మిల్లీమీటర్లు పెట్టాను, గాలి 22/25. పాత స్ట్రాట్‌ఫర్డ్ దారిలో 50 మైళ్ల వేగంతో వెళ్లి వచ్చాను. ఒక చేత్తో పట్టుకున్నా బండి తిన్నగా పోయింది. పార్కింగ్‌లో మాత్రం స్టీరింగ్ బరువెక్కింది. వెయ్యి మైళ్లు తిరిగాక టైర్ల అరుగుదల చూసి మళ్లీ రాస్తాను.