డెస్మోజోములు దెబ్బతింటే మిగతా సంధులు కణాలను ఎందుకు పట్టి ఉంచలేవు?

నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంటులోని తెలుగు పిల్లలకు ఆదివారాలు జీవశాస్త్రం చెబుతుంటాను. పోయిన వారం కణ సంధుల పాఠంలో పీయూసీ చదివే అమ్మాయి అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవారు దయచేసి సాయం చేయగలరు.

డెస్మోజోములు టిచ్ బటన్లలా పక్కపక్క చర్మకణాలను అక్కడక్కడ బిగించి ఉంచుతాయనీ, లోపలివైపు వాటికి కెరటిన్ తంతువులు కట్టి ఉంటాయనీ బోర్డు మీద గీసి చూపించాను. పెంఫిగస్ వల్గారిస్ వ్యాధిలో శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) డెస్మోజోముల్లోని డెస్మోగ్లీన్ 3 అనే ప్రోటీనుకు అంటుకోవడం వల్ల కణాలు విడిపోయి, తరచుగా ముందు నోట్లోనే, పొక్కులు వస్తాయని కూడా చెప్పాను. స్లైడు బొమ్మలో అడుగు వరుస కణాలు మాత్రం, వాటిని కింది ఆధార పొరకు అంటించే హెమిడెస్మోజోములు చెడిపోలేదు కాబట్టి, పాతిన రాళ్ళలా ఆ పొరను పట్టుకొని నిలబడి ఉన్నాయి.

అప్పుడు ఆ అమ్మాయి, "కణాలను కలిపే ఈ-క్యాడ్‌హెరిన్ ప్రోటీనుతో, లోపలి ఆక్టిన్ తంతువులతో ఏర్పడిన అడ్హెరెన్స్ సంధులు ఉన్నాయి కదండీ, అవెందుకు ఆపలేదు?" అని అడిగింది. (టైట్ జంక్షన్ల పని ప్రధానంగా లీకేజీని ఆపడం, గ్యాప్ జంక్షన్లది అయాన్లనూ చిన్న అణువులనూ దాటించడం, కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోలేదు.)

నమిలేటప్పుడు కలిగే లాగుడును తట్టుకోవడానికి కెరటిన్ ఆధారం తప్పనిసరేమోనని నా ఊహ. లేక ప్రతిరక్షకం అంటుకోగానే కణం లోపలికి సంకేతం వెళ్ళి, కెరటినే వెనక్కి ముడుచుకుపోతుందా? ఈ రెండింటిలో ఏది ముందు జరుగుతుందో, పదహారేళ్ళ పిల్లకు అర్థమయ్యే తెలుగులో వివరించగలరా?