హెడ్‌సెట్‌లో అంతా వినిపిస్తోంది, నా మాట మాత్రం అవతలికి పోవట్లేదు

దేవరకొండ లెక్కల టీచర్:
అందరికీ నమస్తే. సాయంత్రం పూట 9, 10 తరగతుల పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తాను. మొన్నటిదాకా లాప్‌టాప్‌లో చెప్పేదాన్ని, అది పాడైతే మా ఆయన పాత డెస్క్‌టాప్ దులిపి పెట్టుకున్నాను, విండోస్ 10. హెడ్‌సెట్ అదే పాతది, వైరుది. పిల్లల మాటలు నాకు చక్కగా వినిపిస్తున్నాయి, నేను గంట వాగినా చాట్‌లో ఒకటే మెసేజ్, "వినిపిస్తలేదు మేడం". అదే హెడ్‌సెట్ ఫోన్‌కు పెట్టి మా అమ్మతో మాట్లాడితే బ్రహ్మాండంగా ఉంది. సీపీయూ వెనకాల ఆకుపచ్చ, గులాబీ, నీలం మూడు హోల్స్ ఉన్నాయి. ఆకుపచ్చలో పెడితే వినిపిస్తుంది, గులాబీలో పెడితే అదీ పోతుంది. డ్రైవర్లు మళ్లీ వేశాను, రెండు రోజులుగా ఇదే పని. ప్రస్తుతం బోర్డు కంప్యూటర్‌లో చూపిస్తూ మాట ఫోన్‌లో చెప్తున్నాను, ఒకటే ఎకో. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

సూర్యాపేట బుల్లోడు:
అక్కా, విండోస్ ఫార్మాట్ కొట్టించు. నాకు అట్లనే సెట్ అయింది.

జడ్చర్ల రిపేర్:
ఫార్మాట్ జోలికి పోకండి మేడం, ఫైళ్లు పోగొట్టుకోవడం తప్ప ఏం రాదు. ముందు హెడ్‌సెట్ పిన్ను వెలుతురులో పెట్టి చూడండి, దాని మీద నల్ల గీతలు ఎన్ని ఉన్నాయి? మూడు ఉంటాయని నా అనుమానం. మూడు గీతలంటే పిన్ను నాలుగు ముక్కలు: కొసన ఎడమ చెవి, తర్వాత కుడి చెవి, తర్వాత గ్రౌండ్, చివర మైక్. ఫోన్లకు, ఈ మధ్య లాప్‌టాప్‌లకు ఉండే ఒకే హోల్‌లో నాలుగూ కలుస్తాయి. మీ డెస్క్‌టాప్‌కు అట్లా కాదు, ఆకుపచ్చ వినడానికి, గులాబీ మైక్‌కు, రెండింట్లోనూ మూడు ముక్కల పిన్నుకే చోటు. ఆకుపచ్చలో పెడితే మీ మైక్ ముక్కను పట్టించుకునేవాడే లేడు. గులాబీలో పెడితే మైక్ తగలాల్సిన చోట ఎడమ చెవి తగులుతుంది. తమాషా ఏంటంటే అప్పుడు ఆ ఇయర్‌ఫోనే ఓ పిసరు మైక్‌లాగా పనిచేస్తుంది, ఎడమ కప్పును గట్టిగా తట్టి చూడండి, రికార్డింగ్‌లో గీత కొంచెం కదిలినా కదలొచ్చు.

చాలా పాత ఫోన్ల హెడ్‌సెట్లలో కొన్నింటికి మైక్, గ్రౌండ్ తారుమారుగా ఉండేవి, మీది ఇప్పటి ఫోన్‌లో పలుకుతోంది కాబట్టి ఆ గొడవ లేదు. ఒక స్ప్లిటర్ కొనుక్కోండి, సరిపోతుంది.

పాలమూరు పోరడు:
ఇంకోటి కూడా చూడండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి పోయి మైక్రోఫోన్ తెరిస్తే, కింద డెస్క్‌టాప్ యాప్స్ మైక్ వాడుకోవచ్చా అని ఒక బటన్ ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే ఎన్ని వైర్లు మార్చినా దండగే. నేను దాని మీద ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నా.

దేవరకొండ లెక్కల టీచర్:
ప్రైవసీ బటన్ ఆన్‌లోనే ఉంది. గీతలు మూడే అన్నా, ఇన్నేళ్లు వాడుతూ ఎన్నడూ లెక్కపెట్టలేదు, లెక్కల టీచర్‌ను మళ్లీ! నిన్న నల్లగొండ పోయిన పనిలో పనిగా గడియారం సెంటర్ దగ్గర స్ప్లిటర్ అడిగి 120 పెట్టి తెచ్చాను. పెట్టాను. మళ్లీ అదే కథ, మైక్ లేదు.

జడ్చర్ల రిపేర్:
మీరు తెచ్చినదాని రెండు కొసల్లో పిన్నులు ఉన్నాయా, హోల్స్ ఉన్నాయా?

దేవరకొండ లెక్కల టీచర్:
ఒక పిన్ను, రెండు హోల్స్.

జడ్చర్ల రిపేర్:
అయిపాయె. అది ఒకే ఫోన్‌లో ఇద్దరు పాటలు వినడానికి. నా తప్పే, ఉత్త స్ప్లిటర్ అని రాశాను, షాపతను కూడా ఆ మాటకు అదే ఇస్తాడు. మీకు కావల్సింది దానికి ఉల్టా: హెడ్‌సెట్ దూరడానికి ఒక హోల్, అటువైపు రెండు పిన్నులు, ఒకదాని మీద హెడ్‌ఫోన్ బొమ్మ, ఇంకోదాని మీద మైక్ బొమ్మ. ఆ రెండు పిన్నులకూ గీతలు రెండేసి ఉండాలి. షాపులోనే చూసుకోండి. దొరక్కపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు అడగండి, అప్పుడు ఈ హోల్స్ పంచాయితీయే ఉండదు, కాకపోతే దానిక్కూడా ఒకటే హోల్ ఉందా రెండున్నాయా చూసి తీసుకోవాలి.

పెట్టాక కింద స్పీకర్ గుర్తు మీద కుడి క్లిక్ కొట్టి సౌండ్స్‌లో రికార్డింగ్‌కు పోయి మాట్లాడండి, మైక్ పక్కన పచ్చ గీతలు లేస్తే వైరు పని అయినట్టే.

దేవరకొండ లెక్కల టీచర్:
రెండు పిన్నులది దొరికింది. పచ్చ గీతలు లేచాయి! అంత సంబరపడి క్లాసు మొదలుపెడితే పిల్లలు "మేడం బావిలోంచి మాట్లాడినట్టుంది" అన్నారు. చూస్తే జూమ్ ఈసారి హెడ్‌సెట్ మైక్‌ను వదిలేసి వెబ్‌క్యామ్ మైక్‌ను పట్టుకుని కూర్చుంది, మైక్ గుర్తు పక్కన బాణం నొక్కి మార్చాను. ఇప్పుడు వంటింట్లో కుక్కర్ విజిల్ కూడా వాళ్లకు లెక్క తెలుస్తోందట. మూడు అయ్యాయి మేడం, దించండి అని ఒకడు.