మితా, మితియా? ఒక ఆటవెలది ముక్క (మాట్లాడేవారికి విశాఖలోని వారి పేటల పేర్లే గుర్తు)

సీతమ్మధార: మా అబ్బాయి ఇంటర్ మొదటి ఏడాది. రాత్రి వాడు స్టాయికియోమెట్రీ లెక్కలతో, అంటే రసాయన చర్యలో ఏది ఎంత కావాలో, ఎంత వస్తుందో తేల్చే లెక్కలతో, కుస్తీ పడుతుంటే, ద్వారకానగర్ ట్యూషన్లో మా మాస్టారు చెప్పిన పద్యం నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది. రెండు పాదాలే.

"గ్రాము మోలు చేసి కారకం పరిమితి
తేలినపుడు లెక్క తేటపడును"

పరిమితి అన్నారా, పరిమిత అన్నారా? చర్యలో ముందు అయిపోయే పదార్థాన్ని పరీక్షల్లో నేను ‘పరిమిత కారకం’ అనే రాసేవాణ్ణి. మిగతా పాదాలు ఎవరికైనా వచ్చా?

మద్దిలపాలెం: గణానికి రెండూ ఒకటే, నలం (నాలుగూ లఘువులే). యతి గ్రా–కా, అందుకే కారకం ముందుకొచ్చింది. ‘పరిమిత తేలినపుడు’కు మాత్రం అన్వయం లేదు. కనుక పరిమితి.

గాజువాక: అర్థమూ అదే చెబుతుంది. 28 గ్రాముల నత్రజనికి 10 గ్రాముల హైడ్రోజన్ ఇవ్వండి. కొద్దిగా ఉన్నది హైడ్రోజనే, కానీ ముందు అయిపోయేది నత్రజని! ఆ నత్రజని ఒక మోలు (అణువుల లెక్కకు వాడే ప్రమాణం); దానికి మూడు మోళ్ల హైడ్రోజన్, అంటే 6 గ్రాములు చాలు. 34 గ్రాముల అమ్మోనియా వస్తుంది, 4 గ్రాముల హైడ్రోజన్ మిగిలిపోతుంది. పరిమితంగా ఉన్నది కాదు, పరిమితి గీసేది కావాలి.

ఎంవీపీ కాలనీ: పరిమితమంటే కొద్ది అని ఎవరన్నారండీ? హద్దు గలది. మితభాషి మూగవాడా? అయినా పద్యంలో ఈ ‘కారకం’ ఏమిటి, కారకంబు అనవద్దూ! వేమన చేతిలో పడి ఉంటే...

గాజువాక: వేమన బంగారం చేసే విద్య కోసం తిరిగాడని కథ. ఏ మోల్ నిష్పత్తీ ఆ పని చేయలేదు, రసాయన సమీకరణంలో బాణం గుర్తుకు రెండు వైపులా అవే పరమాణువులు ఉండాలి. ఆటవెలది తూకం మాత్రం ఆయనదే.

మద్దిలపాలెం: తూకం అంటే గుర్తొచ్చింది. 1792లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త రిక్టర్ ఈ శాస్త్రానికి పేరు పెట్టడానికి తీసుకున్న గ్రీకు మాట ‘స్టాయికియాన్’కు మూలకమనీ, అక్షరమనీ రెండర్థాలు. గురులఘువులు లెక్కపెడుతున్న మనదీ స్టాయికియోమెట్రీయే.

ఎంవీపీ కాలనీ: అక్షరం కాదు, వర్ణం, అంటే పలికే ధ్వని. రాసే అక్షరానికి వాళ్ల మాట ‘గ్రామ్మ’. మీ పద్యంలో మొదటి మాట, గ్రాము, దాని సంతానమే. ఇది ఎవరూ పట్టుకోలేదేం?

సీతమ్మధార: మావాడు లెక్క పూర్తిచేసి పడుకున్నాడు. మూడో పాదం?

మద్దిలపాలెం: ‘మిగులు’ అని మొదలవుతుందని లీలగా గుర్తు.

గాజువాక: ‘మిగిలి’ కాదూ?